నీలిబిడ్డకు తలనొప్పి వస్తే ఆలస్యం చేయవద్దు
పుట్టుకతో వచ్చే గుండె జబ్బు – మెదడులో చీముగడ్డ



మీ బిడ్డకు పుట్టుకతో గుండె జబ్బు ఉందని డాక్టరుగారు చెప్పిన రోజు నుంచి మీ చూపంతా గుండె మీదే ఉంటుంది. ఆయాసం వస్తున్నదా, పెదవులు నీలంగా మారుతున్నాయా, అన్నం తింటున్నాడా అని కనిపెట్టి చూస్తూ ఉంటారు. అది మంచిదే. కాని కొందరు పిల్లలలో ఈ జబ్బు గుండె దగ్గరే ఆగదు. మెదడులో చీముగడ్డ కట్టడానికి కూడా కారణమవుతుంది.

ఈ సంగతి ముందే తెలిసిన కుటుంబం బిడ్డను ఆ రోజే ఆసుపత్రికి తీసుకువస్తుంది. తెలియని కుటుంబం వారం, పది రోజులు ఇంటి దగ్గర గడిపి, ఫిట్స్ వచ్చాక వస్తుంది. ఆ పది రోజులలోనే బిడ్డ ప్రాణం, చూపు, మాట, కాలూచేయీ ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ నాలుగు పేజీలు ఓపికగా చదవండి. ఇంట్లో చదవడం రానివారికి చదివి వినిపించండి.

ఏ పిల్లలకు ఈ ప్రమాదం?

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లలలో సుమారు 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వారందరికీ మెదడులో గడ్డ వస్తుందని భయపడవద్దు. గుండె లోపాలు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటి రకంలో బిడ్డ నీలంగా మారదు. గుండె గదుల మధ్య చిన్న రంధ్రం ఉండటం ఇలాంటిదే. ఈ పిల్లలలో మెదడు గడ్డ ప్రమాదం తక్కువ. అయితే గుండె లోపలి పొరకు చీము పట్టే జబ్బు వీరికీ రావచ్చు కాబట్టి పళ్ల శుభ్రత వీరికీ అవసరమే.

రెండవ రకంలో బిడ్డ పెదవులు, నాలుక, గోళ్లు నీలంగా ఉంటాయి. ఏడ్చినా, పరుగెత్తినా ఆ నీలం ఎక్కువవుతుంది. నాలుగడుగులు ఆడి గొంతుక్కూర్చుంటాడు. పెద్దవుతున్నకొద్దీ వేళ్ల చివరలు గుండ్రంగా ఉబ్బుతాయి. మన పల్లెల్లో వీరిని నీలిబిడ్డలు అంటారు. వీరిలో ఎక్కువమందికి ఉండే లోపం పేరు టెట్రాలజీ ఆఫ్ ఫాలో. 1888లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫాలో దీనిని వివరంగా రాశాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మెదడులో చీముగడ్డ ప్రమాదం ముఖ్యంగా ఈ నీలిబిడ్డలకే. అదీ రెండేళ్లు దాటి, ఇంకా గుండె ఆపరేషన్ కాని పిల్లలకు. ఆపరేషన్ లేకుండా పెద్దవారైన యువతీయువకులకు కూడా ఈ ప్రమాదం ఉంటుంది.

మీ బిడ్డది ఏ రకమో మీకు తెలియకపోతే ఎకో రిపోర్టు తీసుకువచ్చి డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: "మా బిడ్డది నీలం రకమా, కాదా?" ఆ జవాబు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

గుండెకూ మెదడుకూ సంబంధం ఏమిటి?

మన నోటిలో, పళ్ల సందులలో, చెవిలో, చర్మం మీద సూక్ష్మక్రిములు ఉంటాయి. గట్టిగా నమిలినప్పుడు, పుచ్చిపోయిన పన్ను ఉన్నప్పుడు, పుండు పడినప్పుడు కొన్ని క్రిములు రక్తంలోకి వెళుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఆ చెడు రక్తం గుండె కుడివైపుకు వచ్చి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. ఊపిరితిత్తులలో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు లెక్కలేనన్ని ఉన్నాయి. అవి జల్లెడలాగా పనిచేసి క్రిములను పట్టి ఉంచుతాయి. జల్లెడ పట్టిన రక్తమే గుండె ఎడమవైపుకు చేరి మెదడుకు వెళుతుంది.

నీలిబిడ్డలో ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకుగా ఉంటుంది. గుండె గదుల మధ్య రంధ్రం ఉంటుంది. కాబట్టి చెడు రక్తంలో కొంత భాగం ఊపిరితిత్తులకు పోకుండా, రంధ్రం గుండా అడ్డదారిలో నేరుగా మెదడుకు చేరుతుంది. క్రిములు కూడా దానితోపాటే జల్లెడ తప్పించుకుని పోతాయి.

ఇంకొక కారణం కూడా ఉంది. ప్రాణవాయువు చాలక బిడ్డ శరీరం ఎర్రకణాలను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. దాంతో రక్తం చిక్కబడుతుంది. పల్చని గంజి పారినట్టు చిక్కని జావ పారదు కదా. మెదడులోని సన్నని నాళాలలో ఆ రక్తం మెల్లగా నడుస్తుంది, కొన్నిచోట్ల నిలిచిపోతుంది. అక్కడ మెదడులో చిన్న భాగం దెబ్బతింటుంది. దారి తప్పి వచ్చిన క్రిములకు ఆ దెబ్బతిన్న చోటు గూడు అవుతుంది.

మొదట అక్కడ వాపు వస్తుంది. తరువాత చీము పడుతుంది. సుమారు రెండు వారాలకు చీము చుట్టూ గట్టి తొడుగు ఏర్పడుతుంది. ఒంటి మీద సెగ్గడ్డ లేచినట్టే ఇదీ. తేడా ఏమిటంటే, ఒంటి మీది గడ్డ బయటికి ఉబ్బుతుంది. తల ఎముక గట్టిది కాబట్టి లోపలి గడ్డకు బయటికి ఉబ్బే చోటు లేదు. అది మెదడునే నొక్కుతుంది.

గుర్తుపట్టడం ఎలా?

నీలిబిడ్డకు ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురావాలి:

– రోజూ వచ్చే తలనొప్పి, లేదా రోజురోజుకూ పెరిగే తలనొప్పి
– తలనొప్పితోపాటు వాంతులు, ముఖ్యంగా పొద్దున్న లేవగానే
– ఫిట్స్, లేదా ఒక చేయి, ఒక కాలు, మూతి ఒక పక్క అదరడం
– ఒక చేయి లేదా కాలు బలం తగ్గడం, నడకలో తూలడం, చేతిలోని గ్లాసు జారిపోవడం
– మాట తడబడటం, మెల్లకన్ను రావడం, చూపు మసకబారడం
– ఎక్కువ మగతగా ఉండటం, చిరాకు, బడిలో చురుకు తగ్గడం
– కారణం తెలియని జ్వరం

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. జ్వరం లేదు కాబట్టి లోపల చీము లేదు అనుకోరాదు. పిల్లలు, పెద్దలు కలిపి అనేక దేశాలలో వేలమంది రోగుల లెక్కలు తీసినప్పుడు, మెదడు గడ్డ ఉన్నవారిలో సుమారు సగం మందికే జ్వరం కనిపించింది. తలనొప్పి నూటికి సుమారు 70 మందికి ఉంది. తలనొప్పి, జ్వరం, ఒక పక్క బలహీనత మూడూ కలిసి కనిపించింది నూటికి సుమారు 20 మందిలోనే. అందుచేత అన్ని లక్షణాలూ వచ్చేదాకా ఎదురుచూడరాదు. ఒక్కటి చాలు.

రెండేళ్లలోపు నీలిబిడ్డలలో చీముగడ్డ చాలా అరుదు. కాని విరేచనాలు, వాంతులు, జ్వరంతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు చిక్కని రక్తం మెదడు నాళంలో గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఆ వయసు బిడ్డకు చేయి, కాలు ఆడకపోయినా, ఫిట్స్ వచ్చినా అంతే తొందరగా తీసుకురావాలి.

ఎందుకు ఆలస్యం అవుతుంది?

వార్డులో మేము వినే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "ఎండలో ఆడాడు, ఎండదెబ్బ అనుకున్నాం." "బడి ఎగ్గొట్టడానికి తలనొప్పి అంటున్నాడనుకున్నాం." "దిష్టి తగిలిందని, గాలి సోకిందని తాయెత్తు కట్టించాం." "ఊళ్లో ఆర్.ఎం.పి. గారు సూది వేస్తే రెండు రోజులు తగ్గింది." "ఎలాగూ గుండె జబ్బు పిల్లడే కదా, అందువల్లే అనుకున్నాం."

ఈ మాటలన్నీ బిడ్డ మీద ప్రేమ ఉన్నవారి నోట వచ్చినవే. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. అయితే మూడు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, నొప్పి మాత్ర, సూది మందు తలనొప్పిని కొంతసేపు కప్పిపుచ్చుతాయి, లోపలి చీము తగ్గదు. రెండు, మధ్యలో ఒకటి రెండు రోజులు బిడ్డ బాగున్నట్టు కనిపించినా గడ్డ పెరుగుతూనే ఉండవచ్చు. మూడు, నీలిబిడ్డకు వచ్చే మామూలు నీలం పోటు వేరు. అందులో బిడ్డ ఏడ్చి ముదురు నీలంగా మారి, వేగంగా ఊపిరి తీసి, మోకాళ్లు ఛాతీకి ఆనించి పట్టుకుంటే చాలాసార్లు కొద్ది నిమిషాలలో తేరుకుంటాడు. తేరుకోకపోతే అదీ అత్యవసరమే. తేరుకున్నా తరచుగా వస్తుంటే డాక్టరుగారికి చూపించాలి. తలనొప్పి, వాంతులు, ఒక పక్క బలహీనత మాత్రం నీలం పోటు లక్షణాలు కావు.

మీ నమ్మకం ఏదైనా సరే, ముందు ఆసుపత్రికి బయలుదేరండి.

ఎక్కడికి వెళ్లాలి? ఏమి చెప్పాలి?

ఫిట్స్ వచ్చినా, బిడ్డ మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఆమదాలవలస చుట్టుపక్కల గ్రామాలవారు దగ్గరి ఆసుపత్రికో, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో ముందుగా చేరాలి. అక్కడ ప్రాణాపాయం లేకుండా చూసి, అవసరాన్ని బట్టి పై ఆసుపత్రికి పంపుతారు. ఈ జబ్బుకు సి.టి. స్కాన్, న్యూరోసర్జన్, గుండె డాక్టరు ముగ్గురి సాయమూ కావాలి. మన వైపు నుంచి అలాంటి పెద్ద ఆసుపత్రులు విశాఖపట్నంలో ఉన్నాయి. ప్రభుత్వ రంగంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. పంపుతున్నాం అన్నప్పుడు "రేపు ఉదయం రైలుకు వెళ్తాం" అనకండి. అంబులెన్సులో అప్పుడే బయలుదేరండి.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా ఇలా చెప్పండి: "బిడ్డకు పుట్టుకతో నీలం రకం గుండె జబ్బు ఉంది. ఇన్ని రోజుల నుంచి తలనొప్పి ఉంది." ఈ ఒక్క మాటతో డాక్టరుగారి ఆలోచన సరైన దారిలో పడుతుంది. సెలైన్ పెట్టే సిస్టరుకు కూడా ఇది చెప్పాలి. ఈ పిల్లలలో సెలైన్ గొట్టంలోని గాలి బుడగ సైతం అడ్డదారిలో మెదడుకు చేరే అవకాశం ఉంది కాబట్టి ఆమె అదనంగా జాగ్రత్త పడుతుంది.

ఎకో రిపోర్టు, పాత చీటీలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచండి. పనుల కోసం హైదరాబాదు, చెన్నై, వెరావల్ వెళ్లే కుటుంబాలు ఆ కవరును తప్పక వెంట తీసుకువెళ్లాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేయవలసినవి: బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. ఎంతసేపు వచ్చిందో గడియారం చూడండి.

చేయకూడనివి: నోటిలో చెంచా, గుడ్డ, వేలు పెట్టరాదు. నీళ్లు పోయరాదు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ఉపయోగం లేదు, సమయం పోతుంది.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?

మొదట సి.టి. స్కాన్ లేదా ఎం.ఆర్.ఐ. తీస్తారు. మనిషి తలకు తొలి సి.టి. స్కాన్ 1971లో లండన్‌లో తీశారు. అంతకు ముందు గడ్డ ఎక్కడ ఉందో కచ్చితంగా తెలుసుకోవడం చాలా కష్టం. స్కాన్, మంచి ఆంటీబయాటిక్ మందులు వచ్చాక ఈ జబ్బుతో చనిపోయేవారు నూటికి సుమారు 40 నుంచి సుమారు 10కి తగ్గారు. కాబట్టి ఇది నయమయ్యే జబ్బు. అయితే స్పృహ తప్పాక వచ్చినవారిలో, గడ్డ మెదడు లోపలి నీటి గదులలోకి పగిలినవారిలో ప్రమాదం చాలా ఎక్కువ.

వెన్నులో నీరు తీసే పరీక్ష గురించి కొందరు అడుగుతుంటారు. మెదడులో గడ్డ ఉందనే అనుమానం ఉన్నప్పుడు ఆ పరీక్ష ప్రమాదం కాబట్టి ముందు స్కాన్ చేస్తారు.

గడ్డ పెద్దదైతే న్యూరోసర్జన్ తల ఎముకకు చిన్న రంధ్రం చేసి సూదితో చీము తీస్తారు. ఇది చెప్పగానే చాలామంది భయపడి సంతకం పెట్టడానికి వెనుకాడతారు. చీము తీయడం వల్ల రెండు మేళ్లు ఉన్నాయి. మెదడు మీద ఒత్తిడి వెంటనే తగ్గుతుంది. ఏ క్రిమి ఉందో ల్యాబులో తెలిసి దానికి సరిపోయే మందు ఇవ్వవచ్చు. గడ్డలు చిన్నవైతే, లేదా వాపు దశలోనే ఉంటే ఒక్క మందులతోనే నయం చేయడానికి ప్రయత్నిస్తారు. ఫిట్స్ రాకుండా కూడా మందు ఇస్తారు.

మధ్యలో ఇంటికి తీసుకువెళ్లవద్దు

ఆంటీబయాటిక్ మందులు నరం ద్వారా సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఇవ్వవలసి ఉంటుంది. ఇంత కాలం ఆసుపత్రిలో ఉండటం కష్టమని మాకు తెలుసు. ఇంటి దగ్గర మిగతా పిల్లలు ఉంటారు, ఊడుపులు ఉంటాయి, కూలి పోతుంది. మూడో వారానికి బిడ్డ లేచి కూర్చుని అన్నం అడుగుతాడు. "బాగున్నాడు కదా, ఇంక తీసుకుపోతాం" అనిపిస్తుంది.

అప్పుడే ఓపిక పట్టాలి. బిడ్డ తేరుకున్నాడంటే ఒత్తిడి తగ్గిందని అర్థం. తొడుగు లోపల క్రిములు ఇంకా బతికే ఉంటాయి. మందు మధ్యలో ఆపితే అవి మళ్లీ పెరుగుతాయి. ఈసారి మొదటి మందుకు లొంగకపోవచ్చు. స్కాన్ మళ్లీ తీసి, డాక్టరుగారు చాలు అన్నప్పుడే ఆపాలి. ఇంట్లో ఒకరి తరువాత ఒకరు వంతులు వేసుకుని బిడ్డ దగ్గర ఉండండి. తల్లి ఒక్కర్తే రెండు నెలలు నిలవలేదు. నాన్నమ్మ, మేనమామ, పిన్ని ఎవరైనా సాయం రావాలి.

ఫిట్స్ మాత్రలు ఇంటికి వెళ్లాక కూడా చాలాకాలం వాడాలి. ఫిట్స్ రావడం లేదని మీ అంతట మీరు ఆపరాదు.

రాకుండా కాపాడుకోవడం ఎలా?

పళ్లు: రోజుకు రెండుసార్లు, మెత్తని బ్రష్షుతో. వేపపుల్ల చిగురును గాయపరిస్తే వాడవద్దు. రాత్రి మిఠాయి తిని పడుకోనివ్వకండి. ఆరునెలలకు ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించండి. పన్ను తీయించే ముందు గుండె జబ్బు సంగతి తప్పక చెప్పండి. నీలిబిడ్డలకు ఆ పనికి అరగంట నుంచి గంట ముందు ఒక మోతాదు ఆంటీబయాటిక్ ఇవ్వాలి.

చెవి, చర్మం: చెవిలో చీము కారుతుంటే నూనె పోయవద్దు, డాక్టరుకు చూపించండి. గజ్జి, కురుపులు, సెగ్గడ్డలు వస్తే గిల్లవద్దు.

నీళ్లు: బిడ్డ ఒంట్లో నీరు తగ్గకూడదు. వేసవిలో మజ్జిగ, కొబ్బరినీళ్లు, పల్చని చోడి అంబలి తరచుగా ఇవ్వండి. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ఇస్తూ ఆసుపత్రికి రండి.

రక్తం: చిక్కని రక్తం ఉన్న బిడ్డకు కూడా ఐరన్ లోపం ఉండవచ్చు. అది పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతుంది. ఐరన్ మందు పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యం గుండె ఆపరేషన్

పైన చెప్పినవన్నీ జాగ్రత్తలు. అడ్డదారిని మూసేది ఆపరేషనే. నీలిబిడ్డలకు మొదటి ఆపరేషన్ 1944 నవంబరు 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జరిగింది. ఇప్పుడు చాలామంది పిల్లలకు మొదటి ఏడాదిలోనే లోపాన్ని సరిచేస్తున్నారు. "కొంచెం పెద్దయ్యాక చేయిద్దాం" అని వాయిదా వేస్తే రెండేళ్లు దాటిన ప్రతి ఏడాదీ మెదడు గడ్డ ప్రమాదం వెంట ఉంటుంది.

డబ్బు గురించి ఆగిపోవద్దు. పేదల కోసం ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఆ పథకం డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. పెద్ద ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర ఉంటారు. కార్డు చూపించి, గుండె ఆపరేషన్‌కూ మెదడు గడ్డ చికిత్సకూ ఏమి వర్తిస్తుందో అడగండి. 2013 నుంచి నడుస్తున్న జాతీయ బాల ఆరోగ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలో, బడిలో పిల్లలను పరీక్షించి గుండె లోపం ఉన్నవారిని పై ఆసుపత్రికి పంపుతారు. పుట్టపర్తిలో 1991 నుంచి సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ, తిరుపతిలో 2021 నుంచి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం కూడా పిల్లలకు గుండె ఆపరేషన్లు చేస్తున్నాయి.

తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది అంటువ్యాధా? కాదు. బిడ్డతో కలిసి తినవచ్చు, పడుకోవచ్చు.

గడ్డ తగ్గాక గుండె ఆపరేషన్ చేస్తారా? చేస్తారు. చీము పూర్తిగా తగ్గిందని నిర్ధారించుకున్నాక చేస్తారు. గడ్డ ఒకసారి వచ్చిన బిడ్డకు మళ్లీ రావచ్చు కాబట్టి ఆపరేషన్ మానుకోరాదు.

చేయి, కాలు మళ్లీ పనిచేస్తాయా? తొందరగా వచ్చిన పిల్లలు చాలామంది బాగా కోలుకుంటారు. ఫిజియోథెరపీ వ్యాయామాలు ఇంటి దగ్గర నెలల తరబడి చేయించాలి.

గుర్తుంచుకోండి

నీలిబిడ్డకు కొత్తగా తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క బలహీనత – వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి.
జ్వరం లేకపోయినా రావాలి.
మొదటి మాటగా గుండె జబ్బు సంగతి చెప్పాలి.
మందు పూర్తి కాలం వాడాలి.
గుండె ఆపరేషన్ వాయిదా వేయరాదు.

ఈ పుస్తకం చదివాక సందేహం ఉంటే వార్డులో ఏ సిస్టరునైనా అడగండి. మీ ఊళ్లో ఇంకో నీలిబిడ్డ ఉంటే ఈ పుస్తకం ఆ ఇంటికి కూడా ఇవ్వండి.